మీకు తెలుసా? రిమోట్ సాకెట్‌కు గుర్తు మాత్రమే తెలుసు, మనిషి తెలియదు

భారతదేశంలో ఎక్కడైనా ఇంటి లోపల లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2012 నాటి కేంద్ర నిబంధనలు అనుమతించిన స్వల్ప శక్తి రేడియో పట్టీ 433–434 మెగాహెర్ట్జ్. దూరం నుంచే మీట నొక్కి విద్యుత్తును ఆన్, ఆఫ్ చేసే చవకరకం రిమోట్ సాకెట్లలో చాలావరకు ఈ పట్టీలోనే పనిచేస్తాయి.

రిమోట్ మీట నొక్కగానే వెలువడే సందేశం రేడియో తరంగాన్ని వెలిగించి ఆర్పే స్పందనల వరుస మాత్రమే; సాధారణ పద్ధతిలో స్పందన కొలమానం సుమారు 350 మైక్రోసెకన్లు కాగా, ఒక వంతు వెలిగి మూడు వంతులు ఆరితే సున్నా, మూడు వంతులు వెలిగి ఒక వంతు ఆరితే ఒకటి. సాకెట్‌కు గుర్తుగా పనిచేసే ఈ వరుసను చిన్న రిసీవర్‌తో ఒకసారి చదివి, ఆర్డ్వినో వంటి బోర్డుపై ఉండే మైక్రోకంట్రోలర్‌లో, అంటే ఒకే చిప్‌పై ఇమిడిన చిన్న కంప్యూటర్‌లో భద్రపరిస్తే, దానికి తగిలించిన ట్రాన్స్‌మిటర్ అదే గుర్తును ఎప్పుడైనా తిరిగి పంపగలదు. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతైన 17.3 సెంటీమీటర్ల తీగే దానికి చక్కని యాంటెన్నా.

230 వోల్టుల తీగలను తాకనవసరం లేకపోవడమే ఈ పద్ధతిలోని అసలు మేలు. అభ్యాసకులకు ఇంతకన్నా క్షేమకరమైన మార్గం అరుదు. అయితే స్థిరమైన గుర్తును పక్కింటివారూ పట్టి పంపగలరు, పైగా ఆజ్ఞ అందిందో లేదో సాకెట్ తిరిగి చెప్పదు. అందుకే హీటర్లకు, పంపులకు దీనిని వాడరాదు.