క్రోధమునకు మెదడునందలి స్థానము

అరిషడ్వర్గములలో రెండవదిగా లెక్కింపబడు క్రోధము మన వాఙ్మయమున మనోవికారముగనే విశేషముగా వర్ణింపబడినది. అది మెదడునందు ఏ భాగమున పుట్టును, ఏ ద్రవ్యములవలన హెచ్చును, దానిని అణచునది ఏది యను ప్రశ్నలు ప్రయోగశాలలో విచారింపబడుట ముఖ్యముగా గడచిన నూరేండ్ల పని. ఇవి పండితుల కాలక్షేపమునకై పుట్టిన ప్రశ్నలు కావు. వీనికి లభించిన తొలి సమాధానమును నమ్మి మదరాసు నగరమున వందలకొలది రోగుల మెదళ్లకు శస్త్రచికిత్స జరిగినది. ఆ సమాధానము ఎంతవరకు నిలుచునో పరిశీలించుట యుక్తము.

1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫిలిప్ బార్డ్ పిల్లుల మెదడు పైపొరను తొలగించి చూచెను. అట్టి పిల్లి ఏ కొద్దిపాటి స్పర్శకైనను వెన్ను వంచి, రోమములు నిక్కించి, బుసకొట్టుచు గోళ్లు చాచెడిది. పైపొర పోయినను కోపము పోలేదు సరికదా, హద్దు మీరినది. హైపోథలామస్ అను అడుగు భాగపు వెనుక సగమును గూడ తొలగించినప్పుడు మాత్రము ఆ ఉగ్రరూపము పూర్ణముగా కానరాలేదు. కోపచేష్టలను కూర్చు యంత్రము మెదడు అడుగున కలదనియు, పైపొర దానిని పట్టి నిలుపుచున్నదనియు దీనివలన తేలినది. జూరిచ్ నగరమున వాల్టర్ హెస్ మెలకువగా నున్న పిల్లుల మెదడులోనికి సన్నని తీగెలు దించి, స్వల్ప విద్యుత్తుచే హైపోథలామస్‌ను ప్రేరేపించి, ఇట్టి క్రోధమునే కోరినప్పుడు రప్పింపగలిగెను. ఇందులకు 1949లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. దానిలో రెండవ సగము, మానసిక రోగుల మెదడు ముందుభాగపు తంతువులను ఖండించు పద్ధతిని ప్రవేశపెట్టిన లిస్బన్ వైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు లభించుట కాకతాళీయమే కావచ్చును. ఐనను, విద్యుత్తుతో క్రోధమును రేపినవానిని, కత్తితో మనస్సును శాంతింపజేయజూచినవానిని ఒకే పీఠమున కూర్చుండబెట్టిన ఆ సంవత్సరము ఆలోచింపదగినది.

క్రోధమునకును దాడికిని భేదము కలదని 1962లో యేల్ విశ్వవిద్యాలయమున వాస్మన్, ఫ్లిన్ అనువారు చూపిరి. హైపోథలామస్‌లో ఒకచోట ప్రేరేపించినచో పిల్లి అరచుచు గోళ్లతో మీదపడెను. కొంచెము ప్రక్కగా ప్రేరేపించినచో చప్పుడు లేక పొంచి నడచి ఎలుకను కొఱికెను. మొదటిది ఆగ్రహము, రెండవది వేట. న్యాయశాస్త్రము ఈ భేదమునకు పోలిన దానిని ముందే ఎఱుగును. 1860 నాటి భారత శిక్షాస్మృతియు, 2024 జూలైలో దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు, ఆకస్మికముగా, తీవ్రముగా రెచ్చగొట్టబడినవాడు నిగ్రహము తప్పి చేసిన నరవధను హత్యగా లెక్కింపక వేరుచేయుచున్నవి.

చెవుల ప్రక్కనుండు మెదడు భాగములలో, లోపలివైపున, బాదము గింజను పోలిన అమిగ్డలా యను కేంద్రము ఇరువైపుల నొక్కొక్కటి కలదు. భయమును, ఆపదను గుర్తించుటలో దీనికి ముఖ్యపాత్ర యున్నది. షికాగోలో క్లూవర్, బ్యూసీ అనువారు 1930ల చివర కోతుల మెదడునుండి ఈ ప్రక్కభాగములను తొలగింపగా, క్రూరమైన కోతులు సాధువులైనవి. అంతటితో సంతోషింపరాదు. ఆ కోతులు పామును జూచియు బెదరక చేరబోయెడివి. చేతికందిన ప్రతి వస్తువును నోట పెట్టుకొనెడివి. అవి కోల్పోయినది క్రోధమును మాత్రమే కాదు, కనబడుదాని మేలుకీడులను ఎఱుగు శక్తిని గూడ.

ఈ బాదము గింజయే మదరాసు శస్త్రచికిత్సలకు గుఱియైనది. జపాను వైద్యుడు నరబయాషి 1963లో తన అనుభవమును ప్రకటించిన పిమ్మట, మదరాసులో బాలసుబ్రమణ్యం, రామమూర్తి, కనక మున్నగు ప్రసిద్ధ వైద్యులు ఈ చికిత్సను విస్తారముగా చేసిరి. కొలతలతో గుఱిచూపు చట్రమును తలకు బిగించి, కపాలమున చిన్న రంధ్రము చేసి, సన్నని సాధనమును దించి, అమిగ్డలాలో కొంత భాగమును నశింపజేసెడివారు. అది చాలనిచో కొందఱికి హైపోథలామస్‌లోను అట్లే చేసిరి. 1988లో రామమూర్తి ప్రకటించిన నివేదికయందు అమిగ్డలా చికిత్స పొందినవారే నాలుగువందలకు మించియున్నారు. పెక్కుమందికి మేలు కలిగినదనియే ఆ నివేదిక చెప్పును. ఇంటిలో కట్టివేయక తప్పని బిడ్డను పెంచు తల్లిదండ్రుల కష్టమును తలపక ఆ వైద్యులను నిందించుట సులభము. అది న్యాయము కాదు. కాని కుదురుగా కూర్చుండుట వేరు, మనస్సు స్వస్థపడుట వేరు. రోగులలో బాలురు, మూర్ఛరోగులు, బుద్ధిమాంద్యము కలవారు ఎందఱో యుండిరి. తమ మెదడు విషయమున ఔను కాదని చెప్పగల స్థితి వారిలో చాలమందికి లేదు.

అడుగున లేచు వేగము ఒకటి, దానిని పట్టు పగ్గము మఱొకటి. పగ్గము ముఖ్యముగా నుదుటి వెనుకనున్న భాగముల పని. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుబాట పనియందు మూడున్నర అడుగుల ఇనుపకమ్మి తలగుండ దూసికొనిపోయిన ఫినియాస్ గేజ్ కథను ఇచట చెప్పుట ఆచారము. ముక్కోపియై, నోటిదురుసు కలవాడాయెనని వైద్యుడు వ్రాసెను. పాఠ్యపుస్తకములలో ఆ కథ ఏటేట పెరిగినది. అతడు పిమ్మట చిలీ దేశమున ఏండ్ల తరబడి గుఱ్ఱపుబండి నడపి బ్రదికెనను సంగతి మాత్రము తఱచు జాఱిపోవును. అంతకంటె ఏడ్రియన్ రెయిన్ పరిశోధన ప్రయోజనకరము. 1997లో ఆయన 41 మంది హంతకుల మెదళ్లను చిత్రించి, ముందుభాగము గ్లూకోజును తక్కువగా వినియోగించుచున్నదని చూపెను. వీరు మతిస్థిమితము లేదని న్యాయస్థానమున వాదించినవారు గాన, ఫలితమును హంతకులందఱికి అన్వయింపరాదు. మఱుసటి సంవత్సరమే ఆయన, ఈ లోపము ఆవేశమున చంపినవారిలోనే స్పష్టమనియు, పథకము వేసి చంపినవారి ముందుభాగము దాదాపు ఇతరులవలెనే పనిచేయుచున్నదనియు తెలిపెను. పిల్లియందు కనబడిన రెండు దారులు ఇచటను కానవచ్చుచున్నవి.

ఇక ద్రవ్యముల విషయము. 1849లో గటింగెన్ నగరమున బెర్తోల్డ్ కోడిపుంజులకు వృషణములు తొలగింపగా అవి కూయుటయు పోరాడుటయు మానినవి. వృషణమును తిరిగి కడుపులో నాటగా మఱల పుంజులైనవి. సంక్రాంతికి గోదావరి తీరమున పందెపుకోళ్లను జూచినవారికి ఇది వింతగా తోచదు. కాని మానవునియందు టెస్టోస్టిరాన్ పరిమాణమునకును హింసకును గల సంబంధము చాల బలహీనము. పైగా పోటీలో గెలుపే ఆ ద్రవ్యమును పెంచవచ్చును. ఏది కారణమో ఏది కార్యమో విడదీయుట కష్టము. సెరటోనిన్ కథ ఇంతకంటె సూక్ష్మమైనది. వెన్నుపాము ద్రవమున దాని అవశేషము తక్కువగా నున్న సైనికోద్యోగులలో కలహచరిత్ర హెచ్చని 1979లో అమెరికాలో తేలినది. 1983లో లిన్నోయిలా బృందము నేరస్థులను పరీక్షించి, ఆ తక్కువదనము ముందుగా తలచి నేరము చేసినవారిలో గాక క్షణికావేశపరులలో కనబడినదని చూపెను. సెరటోనిన్ లోపించుట హింసను పుట్టించుననుటకంటె, పగ్గమును వదులు చేయుననుట సమంజసము.

ఇట్టి ద్రవ్యములను విచ్ఛిన్నము చేయు ఎంజైములలో ఒకటి పూర్తిగా లోపించిన పురుషులు గల డచ్చి కుటుంబమును 1993లో బ్రూనర్ వర్ణించెను. వారిలో ఆవేశపు చేష్టలు మెండు. ఇంతలో పత్రికలు దానికి యోధుల జన్యువని పేరు పెట్టినవి, అది తొందరపాటు. న్యూజీలాండులోని డునెడిన్ నగరమున 1972-73లో పుట్టిన పిల్లలను పెరిగి పెద్దవారగువఱకు గమనించిన కాస్పీ బృందము 2002లో తెలిపినదేమనగా, ఆ ఎంజైము మందముగా పనిచేయు మగపిల్లలలో బాల్యమున హింసకు లోనైనవారే హింసాపరులగు అవకాశము ఎక్కువ. ఆదరమున పెరిగినవారియందు ఆ జన్యువువలన గణనీయమైన భేదము కానరాలేదు. తరువాతి పరిశోధనలు కొన్ని దీనిని బలపఱచినవి, కొన్ని బలపఱచలేదు.

తుదకు స్థానము మాట. 2011లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఏండర్సన్ ప్రయోగశాలయందు మగ చిట్టెలుకల హైపోథలామస్‌లోని ఒక చిన్న భాగపు కణములను కాంతిచే ప్రేరేపింపగా, అవి గాలి నింపిన చేతితొడుగుపై సైతము దాడిచేసినవి. ఇంతకాలమునకు క్రోధస్థానము దొరికినదనుకొనవచ్చును. కాని ఆ చోటనే సంగమమునకు సంబంధించిన కణములును కలిసియున్నవి. పోరునకు మేల్కొను కణములలో పెక్కు సంగమవేళ అణగియుండెను, అప్పుడు దాడిని రేపుటకు మఱింత కాంతి కావలసివచ్చినది. మదరాసున దించిన సాధనము ఇట్టి కణములను ఏఱి తీయగలది కాదు. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 96వ విభాగము ప్రకారము, విషయము తెలిసి రోగి ఇచ్చు సమ్మతియు, సంబంధిత బోర్డు ఆమోదమును లేనిదే మానసిక వ్యాధికై మెదడుపై శస్త్రచికిత్స చేయరాదు.