ఇనప్పెట్టె ఏ ఆపదకు అడ్డం?

మానవుడు సంపాదించడం నేర్చుకున్ననాడే దాచుకోవడం కూడా నేర్చుకున్నాడు. మన పల్లెల్లో ధాన్యానికి గరిసెలు, పాతరలు ఉండేవి. సొమ్ములకూ, పైసలకూ గోడలో గూడు, నేలలో పాతిన బిందె. కాస్త ఉన్నవాళ్ళకు భోషాణం, సందుగ. ఆ తరువాత ఇనప్పెట్టె వచ్చింది, బీరువా వచ్చింది. ఈ మధ్య అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెలు కూడా వచ్చాయి. ఆడపిల్ల పెళ్ళికి బీరువా పెట్టడం మన దగ్గర ఒక ఆనవాయితీ. ఇంట్లో బీరువా, దానికో తాళం ఉంటే ఇక భయం లేదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో శాస్త్రం వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంటి సొత్తుకు వచ్చే ఆపదలు ముఖ్యంగా మూడు: దొంగ, నిప్పు, నీరు. మూడింటి స్వభావం మూడు రకాలు. దొంగను ఆపాలంటే గట్టి తలుపు కావాలి. నిప్పును ఆపాలంటే వేడిని లోపలికి రానీయని గోడ కావాలి. నీటిని ఆపాలంటే సందు లేని మూత కావాలి. ఒకదానికి పనికివచ్చే పెట్టె మరొకదానికి పనికిరాకపోవచ్చు. పెట్టె కొనేవాడు మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే.

దొంగ

మన దేశంలో అర్దెషీర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ ప్రారంభించాడు. 1902లో ఇనప్పెట్టెలు చేయడం మొదలుపెట్టాడు. ఆ పేరు మన ఇళ్ళల్లో ఎంతగా నాటుకున్నదంటే, ఏ కంపెనీ బీరువా అయినా సరే మన పెద్దలు "గోద్రెజ్" అనే అంటారు. కాని బీరువా వేరు, ఇనప్పెట్టె వేరు. మామూలు బీరువా రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. గడ్డపార ఉన్న దొంగకు అది పెద్ద పని కాదు. అసలైన ఇనప్పెట్టెకు మందపాటి ఉక్కు గోడలు, తలుపు నుంచి చుట్టూ చొచ్చుకుపోయే గడియలు ఉంటాయి. ఇటువంటి పెట్టెలకు ఐ.ఎస్. 550 అనే భారతీయ ప్రమాణం ఉన్నది. కొనేటప్పుడు అడగవలసిన మాట అది.

ఇక చిన్న పెట్టెలతో ఒక చిక్కు. ఇరవై, ముప్పై కిలోల పెట్టెను దొంగ అక్కడే పగలగొట్టవలసిన అవసరం లేదు, భుజాన వేసుకొని పోతాడు! అందుచేత దాన్ని గోడకో నేలకో బోల్టులతో బిగించాలి. మట్టిగోడలో బోల్టు నిలవదు. అటువంటి ఇంట్లో నేలలో కాంక్రీటు దిమ్మె పోసి దానికి బిగించుకోవాలి.

నిప్పు

వేసంగిలో గడ్డివాములు, పూరిళ్ళు అంటుకోవడం మనకు తెలిసిందే. పెంకుటిల్లు అయినా దూలాలు, వాసాలు కర్రవే గదా. అప్పుడు లోపలి బీరువా సంగతేమిటి?

ఇనుము వేడిని చాలా సులభంగా ప్రసరింపజేస్తుంది. కాగితం సుమారు 177 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మాడిపోవడం మొదలుపెడుతుంది. ఒక రేకు డబ్బాలో కాగితం పెట్టి, మూత బిగించి పొయ్యి మీద పెడితే ఒక్క మంట నాలుక కూడా తగలకుండానే అది నల్లబడుతుంది. మంటల్లో చిక్కిన బీరువా కూడా అటువంటి డబ్బాయే. తలుపు తెరిచి చూస్తే పెట్టె పెట్టెలాగే ఉంటుంది, కాగితాలు మాత్రం బూడిద.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు, వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి. ఒకవేళ కరిగినా బంగారం బంగారమే, బూడిదలో వెతికితే దొరుకుతుంది. కాని పట్టా కాయితం, పదో తరగతి మెమో, పత్తి అమ్మిన నోట్లు దొరకవు. మనం మాత్రం పుస్తెలతాడును మూడు తాళాల వెనుక పెట్టి, పట్టాదారు పాసుపుస్తకాన్ని దూలం సందున దోపుతాం. నిప్పు దృష్టిలో విలువల వరుస తలకిందులవుతుందన్నమాట.

అగ్నినిరోధక పెట్టెల్లో ఉండే రహస్యం ఉక్కు కాదు, నీళ్ళు! రెండు ఉక్కు రేకుల మధ్య జిప్సం వంటి పదార్థమో, ప్రత్యేకమైన కాంక్రీటో నింపుతారు. జిప్సం స్ఫటికంలో ప్రతి కాల్షియం సల్ఫేటు అణువుతో రెండు నీటి అణువులు కలిసి ఉంటాయి. 172 గ్రాముల జిప్సంలో 36 గ్రాములు నీరే, అనగా అయిదో వంతు పైచిలుకు. చేతితో ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు విడివడి ఆవిరి అవుతుంది. మరిగే నీటిలో ఒక గ్రాము ఆవిరి కావడానికి సుమారు 540 క్యాలరీలు కావాలి. పది కిలోల జిప్సంలో రెండు కిలోల నీరు ఉంటుంది. అది ఆవిరిగా పోవడానికే పదిలక్షలకు పైగా క్యాలరీల వేడి ఖర్చవుతుంది. అంతవరకు లోపల కాగితం బతుకుతుంది. అమెరికాలోని ఒక పరీక్షలో పెట్టెను కొలిమిలో ఉంచి గంటలో 927 డిగ్రీల దాకా పెంచుతారు. అయినా లోపల 177 డిగ్రీలు దాటకపోతేనే "గంట పెట్టె" అని ముద్ర వేస్తారు.

నీరంతా పోయిన తరువాత ఆ పెట్టె మామూలు పెట్టెతో సమానం. కనుక ఒకసారి మంటల్లో పడ్డ పెట్టెను మళ్ళీ నమ్మరాదు. మంట ఆరగానే ఆత్రంగా తలుపు తెరవనూ రాదు. లోపల వేడెక్కి ఉన్న కాగితాలకు ఒక్కసారి గాలి తగిలితే భగ్గున మండుతాయి. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, అగ్నిప్రమాదాల తరువాత అక్కడి బ్యాంకులవాళ్ళు తమ ఖజానా గదులు చల్లబడేదాకా రోజుల తరబడి తెరవకుండా కాచుకున్నారు.

పెన్‌డ్రైవుల వంటివి కాగితం కంటే సుకుమారమైనవి. వాటికి ప్రమాణం 52 డిగ్రీలే. కాగితాన్ని కాపాడే పెట్టె వాటిని కాపాడదు.

నీరు

గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేటవాళ్ళకు నీటి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మన పొలాలకు నీళ్ళిచ్చే కడెం ప్రాజెక్టే 1958లో వరదకు తెగింది. 2022 జూలై 13, 14 తేదీల్లో దాని నుంచి సుమారు మూడు లక్షల క్యూసెక్కులు వదిలే వీలుంటే, అయిదు లక్షలకు పైగా వచ్చి పడ్డాయి. కట్ట నిలుస్తుందో లేదో తెలియక దిగువ ఊళ్ళవాళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. అటువంటి రాత్రి బీరువాను ఎవరు మోస్తారు?

వరదలో బీరువా ఏమవుతుందో ఆర్కిమెడీస్ సూత్రమే చెబుతుంది. 90 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు ఉన్న బీరువా చుట్టూ అర మీటరు నీరు నిలిస్తే అది పక్కకు నెట్టే నీరు సుమారు 200 లీటర్లు. అనగా 200 కిలోల బలం దాన్ని పైకి ఎత్తుతుంది. బట్టలతో కలిపి బీరువా బరువు అంతకంటే తక్కువైతే అది లేచి, ఒరిగి బోర్లా పడుతుంది. నీరు లోపలికి దూరితే పడకపోవచ్చు, కాని అప్పుడు కాగితాలు తడుస్తాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! ఉక్కు పెట్టెకు తలుపు చుట్టూ సందు ఉండనే ఉంటుంది. అగ్నినిరోధక పెట్టెలు కూడా అన్నీ నీటిని ఆపవు.

నేలలో పాతితే? మట్టి వేడిని బాగా ఆపుతుంది, నిజమే. కాని తేమ, తుప్పు, చెదలు అక్కడే కాచుకొని ఉంటాయి. వరద మొదట చేరేదీ అక్కడికే.

మరి ఏం చేయాలి?

మొదటిది, బంగారాన్నీ కాగితాన్నీ ఒకేచోట పెట్టవద్దు. నగలకు దొంగ భయం ఎక్కువ. బిగించిన ఇనప్పెట్టె గాని, బ్యాంకు లాకరు గాని మేలు. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లాకరులోని సొత్తు అగ్నిప్రమాదం, దొంగతనం వంటి వాటివల్ల పోతే ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహిస్తుంది. వరద, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలకు ఆ బాధ్యత లేదు.

రెండవది, కాగితాలన్నీ ఒకే సంచిలో ఉండాలి: పాసుపుస్తకం, రిజిస్ట్రేషను దస్తావేజులు, మెమోలు, ఆధార్, రేషన్‌కార్డు, బ్యాంకు పుస్తకం. నీరు దూరని మందపాటి కవర్లో పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్న చేత్తోనే అందుకోగలిగే ఎత్తులో తగిలించాలి. నకళ్ళు ఒక జత వేరే ఊళ్ళో చుట్టాలింట ఉంచాలి. 2015లో మొదలైన డిజిలాకరులో చాలా పత్రాలు ఫోనులోనే చూసుకోవచ్చు. రిజిస్టరు దస్తావేజు పోతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. దాని నంబరు, సంవత్సరం రాసిపెట్టుకుంటే పని సులువు.

మూడవది, జరగరానిది జరిగితే తడిసిన కాగితాలను లాగి విడదీయకుండా నీడలో ఆరబెట్టాలి. కాలి పెళుసుబారిన నోట్లను పారవేయకుండా కదలకుండా డబ్బాలో పెట్టి రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుకు తీసుకుపోవాలి. మామూలు బ్యాంకుల్లో తీసుకోరు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది తాళంచెవి. మన ఇళ్ళల్లో అది బాపు మొలతాడుకు వేలాడుతుంది. ఆయన పొలం కాడ ఉన్నప్పుడు వాగు పొంగితే ఇంట్లో అమ్మ ఏం చేస్తుంది? పెట్టెలో ఏముందో, చెవి ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలియాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఇంటిపట్టున ఉండే ఆడమనిషి అయి ఉండాలి. అంకెల పెట్టె అయితే బ్యాటరీ అయిపోయినప్పుడు వాడే చెవిని ఆ పెట్టెలోనే పెట్టి మూసేయవద్దు!

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మన సామెత. వరద ఇంటి ముందుకు వచ్చాక పెట్టె గురించి ఆలోచించడం అటువంటిదే. అప్పుడు చేయవలసింది ఒక్కటే, సంచి అందితే అందుకొని, అందకపోతే వదిలి పిల్లలతో, ముసలివాళ్ళతో గడప దాటడం. పోయిన కాగితానికి నకలు పుడుతుంది. మనిషికి నకలు లేదు.