గుర్రం బొమ్మకు డబ్బు ఎప్పుడు అడగాలి?

ట్యాబ్‌లో గీసిన గుర్రం బొమ్మలో కన్ను మెరుస్తుంది, జూలు గాలికి ఎగురుతుంది, వెనక సూర్యాస్తమయం కూడా ఉంటుంది. అయినా చూసేవాళ్ళకి ఎక్కడో తేడా కొడుతుంది. చాలాసార్లు ఆ తేడా కాళ్ళలో ఉంటుంది, అందులోనూ వెనక కాళ్ళలో. వెనక కాలు మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించే కీలును మనం మోకాలనుకుంటాం. అది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట గీత తొడను కలిసే చోట ఉంటుంది. ముందు కాలికి మోకాలని మనం అనుకునేది, మన శరీరంలో అయితే మణికట్టు. గిట్ట అంటే మధ్యవేలి గోరు. అంత బరువైన జంతువు నాలుగు వేళ్ళ కొసల మీద నిలబడుతుందన్నమాట. ఈ సంగతి బుర్రకెక్కితే సగం చిక్కు విడిపోతుంది.

ఇంకో విషయం చాలామంది దృష్టికి రాదు. మనకు మెడ కింద అడ్డంగా ఉండే కంటె ఎముక గుర్రానికి లేదు. ముందు కాళ్ళను మొండేనికి పట్టి ఉంచేవి కండరాలే. అందుకే కాలు ముందుకు చాచినప్పుడు భుజం పలక కూడా దానితో పాటు జరుగుతుంది. భుజాన్ని కదపకుండా కాలు ఒక్కటే చాచి గీస్తే అది కొయ్యగుర్రంలా ఉంటుంది.

కంటికి కనిపించినట్టే గీశామనుకున్న మహామహులూ ఇక్కడ తడబడ్డారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో గీసిన ఎప్సమ్ డెర్బీ పందెం చిత్రంలో గుర్రాలు ముందు కాళ్ళు ముందుకీ, వెనక కాళ్ళు వెనక్కీ బార్లా చాచి గాల్లో తేలుతుంటాయి. ఆ రోజుల్లో దౌడు అంటే అందరూ అలాగే గీసేవారు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే శ్రీమంతుడి గుర్రాలను ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరసగా పెట్టిన కెమెరాలతో ఫొటోలు తీశాక అసలు సంగతి బయటపడింది. దౌడులో నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణం ఉంది, కానీ అప్పుడు కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. ఆ ఫొటోలకు కాపీరైట్ కాలం ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా వాడుకోవచ్చు. రోజుకు ఒక ఫ్రేమ్ తీసుకుని రంగు జోలికి పోకుండా కీళ్ళూ ఎముకల దిక్కూ మాత్రమే గీయండి. నా దృష్టిలో కొత్త బ్రష్‌లు కొనడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. ఇంగ్లండ్ చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ 1750ల చివర్లో లింకన్‌షైర్‌లోని ఒక పల్లెలో ఏడాదిన్నర పాటు చచ్చిన గుర్రాలను కోసి, పొర తర్వాత పొర చూసి గీశాడు. 1766లో ఆ చిత్రాలను పుస్తకంగా అచ్చు వేశాడు. మనం అంత కష్టపడనక్కర్లేదు, ఆయన పడిన కష్టాన్ని వాడుకుంటే చాలు.

డిజిటల్‌లో గీసేవాళ్ళకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది, అది జూమ్. తల పెద్దదైందన్న ధ్యాస లేకుండా జూలులో ఒక్కో వెంట్రుకా గీస్తూ గంటలు గడిపేస్తాం. దీనికి మందు తేలికే. బొమ్మను గోరంత చేసి, మొత్తం నల్లరంగు నింపి చూడండి. ఆ నల్లటి ఆకారం చూసి ఇది గుర్రమని, ఇది నడుస్తోందో పరిగెడుతోందో ఇంట్లోవాళ్ళు చెప్పగలగాలి. కుడి ఎడమలు తిప్పి చూసినా తప్పులు బయటపడతాయి. లేయర్లలో అడుగున ఎముకలు, పైన కండలు, ఆపైన రంగు, జీనూ కళ్ళెం విడిగా పెట్టుకుంటే దిద్దుకోవడం సులువు. వీటన్నిటికీ ఉచితంగా దొరికే క్రీటా అనే సాఫ్ట్‌వేర్ చాలు.

ఇక డబ్బు సంగతి. లైకులు వచ్చాయని రేటు పెట్టకూడదు. లైకు వచ్చేది మీరు ఎంచుకున్న భంగిమకు, మీకు చేతనైన కోణానికి. ఆర్డర్ ఇచ్చే మనిషి తన గుర్రాన్ని తన ఫొటోలో ఉన్నట్టు అడుగుతాడు. ఆ గుర్రం మార్వారీ అయితే చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. పుట్టుకతో తెల్లదైతే ముట్టె గులాబీ రంగులో ఉంటుంది, వయసుతో తెల్లబడినదైతే నల్లగా ఉంటుంది. పంచకల్యాణి అయితే నాలుగు కాళ్ళకూ, ముఖానికీ తెలుపు. ఒక్క కాలికే తెలుపుంటే అది ఏ కాలో యజమానికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తప్పులు వెతకడానికి బొమ్మను తిప్పి, మళ్ళీ తిప్పడం మరిచి పంపితే ఆ తెలుపు అవతలి కాలికి పోతుంది. అది ఆయన గుర్రం కాకుండా పోతుంది.

కాబట్టి పరీక్ష ఇలా పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళకు, వాళ్ళు ఇచ్చిన ఫొటోలతో, వాళ్ళు చెప్పిన తేదీకి ఉచితంగా గీసివ్వండి. చెప్పిన రోజుకు అందించగలిగితే, చూసినవాళ్ళు గుర్రాన్ని పేరు పెట్టి గుర్తుపడితే, ఇక ఉచితం ఆపేయండి. అన్నీ వచ్చేదాకా ఆగుతానంటే ఆ రోజు రాదు. తల వరకు బాగా వస్తే తల బొమ్మలకే ఆర్డర్ తీసుకోండి, పరుగు తీసే గుర్రాలకు ఇంకా తీసుకోవడం లేదని చెప్పండి. అందులో చిన్నతనమేమీ లేదు.

రేటుకు లెక్క గంటలే. ఎనిమిది గంటలు పట్టే బొమ్మకు గంటకు 150 చొప్పున 1,200 రూపాయలు. మాటలకూ మార్పులకూ పట్టే సమయం దానికి కలపాలి. సగం అడ్వాన్స్, స్కెచ్ చూపించి సరే అనిపించుకోవడం, ఎన్ని మార్పులు ఉచితమో ముందే చెప్పడం తప్పనిసరి. ఆర్డర్లు చేతికి మించి వస్తున్నాయంటే రేటు పెంచే వేళ వచ్చినట్టే.

ఫొటో ఎవరు తీశారో అడగండి. వేరే ఫొటోగ్రాఫర్‌దైతే అతని అనుమతి కావాలి. ఇంకోటి చాలామందికి తెలియదు. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు అడిగితే డబ్బు తీసుకుని గీసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు గీయించుకున్న మనిషే. ఆ బొమ్మను మీరు టీషర్టుల మీద వేసి అమ్ముకోవాలన్నా, పోస్టర్లుగా అచ్చు వేయాలన్నా ముందే మాట్లాడుకోవాలి. హక్కు ఎవరిదో రెండు లైన్లు వాట్సాప్‌లో పంపి, అవతలివారి నుంచి ‘సరే’ వచ్చాకే స్టైలస్ పట్టుకోండి.