పొట్టు దానంతటదే ఊడిపోతాదేటి?

పలాస నుంచి టెక్కలి బస్సులో వస్తుంటే "ఇచ్చట జీడిపప్పు అమ్మబడును" లాంటి బోర్డు కనిపిస్తే నవ్వొస్తుంది కదా! ఇంట్లో ఎవరూ "అన్నం తినబడింది" అనరు. మనం మాట్లాడే తెలుగులో "బడు" దాదాపు లేదు. అందుకే ఇంగ్లిష్‌లో పాసివ్ వాయిస్ ఎక్కడ వాడాలో మనకి అర్థం కాదు. నాకు పనికొచ్చిన చిట్కా చెప్తా.

"జీడిపిక్కలు ఉడికిస్తారు, కొడతారు, పొట్టు తీస్తారు." ఎవరు? చెప్పలేదు. అయినా తెలుగు వాక్యం హాయిగా నిలబడింది. ఇంగ్లిష్‌లో సబ్జెక్ట్ లేకపోతే కుదరదు. అందుకే పిక్కల్నే ముందుకి తెస్తాం: "ది నట్స్ ఆర్ స్టీమ్డ్, షెల్డ్ అండ్ పీల్డ్." అంటే ఎవరో చెప్పకుండా "-తారు", "-శారు" అన్నామంటే, అక్కడ పాసివ్ సరిపోతుంది.

ఫార్ములా: బీ + వి3. వి3 మారదు, కాలాన్ని బట్టి బీ మారుతుంది.
తీస్తారు: ఆర్ పీల్డ్
తీశారు: వర్ పీల్డ్
తీస్తున్నారు: ఆర్ బీయింగ్ పీల్డ్
రేపు తీస్తారు: విల్ బీ పీల్డ్

ఒక జాగ్రత్త. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. దీన్ని "ది ట్రీస్ వర్ ఫాలెన్" అని రాయకూడదు. "కూలు" అకర్మక క్రియ, దానికి పాసివ్ ఉండదు. "ది ట్రీస్ ఫెల్" చాలు. తుఫాను "కూల్చింది" అంటే మాత్రం "ది ట్రీస్ వర్ అప్‌రూటెడ్ బై ది సైక్లోన్." "వాజ్ హ్యాపెన్డ్", "వాజ్ డైడ్" కూడా ఇలాంటి తప్పులే.

ఫస్టియర్‌లో జీడిపప్పు తయారీ మీద రిపోర్ట్ రాశాను. మొత్తం పాసివ్‌లోనే. మా అమ్మ పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఆమెకి తెలుగులో చెప్పి వినిపించా. అంతా విని, "అయితే పొట్టు దానంతటదే ఊడిపోతాదేటి?" అంది.

గ్రామర్ ప్రకారం నా వాక్యాల్లో తప్పు లేదు. పని ఎలా జరుగుతుందో చెప్పడానికి పాసివ్ మంచిదే. కానీ కూలి గురించో, జీడి రసానికి కాలిన చేతుల గురించో, ఎవరిదో తప్పు గురించో రాసేటప్పుడు అదే పాసివ్ మనుషుల్ని మాయం చేసేస్తుంది. "మిస్టేక్స్ వర్ మేడ్" అంటే, చేసిందెవరు? అందుకే పాసివ్ రాసిన ప్రతిసారీ "బై హూమ్?" అని అడగండి. జవాబు తెలిసి, అది ముఖ్యమైతే, రాసేయండి.

నా రిపోర్ట్‌లో ఒక వాక్యం మార్చాను: "ది నట్స్ ఆర్ పీల్డ్ బై విమెన్ లైక్ మై మదర్."