చెప్పిన మాట - వినబడిన మాట

రాత్రివేళ మీడియం వేవు మీద రెండు కేంద్రములు ఒకేచోట తగులుకొన్నప్పుడు మాటలు పోయి ఈల మిగులును. రేడియోగల గృహములలో దీని నెరుగనివారుండరు. మనకది చిరాకు మాత్రమే. 1977 మార్చి 27వ తేదీన అట్టి ఈల యొకటి 583 మంది మరణమునకు ఒక కారణమైనది.

యంత్రము తెలిసినవానికి మాటనేర్పు దేనికని కొందరు మమ్ము అడుగుచుందురు. వారికి మేము చెప్పునది ఈ వృత్తాంతమే.

స్పెయిను వారి కెనరీ దీవులలో టెనెరిఫ్ ఒకటి. ఆనాడు పొరుగు దీవి విమానాశ్రయమున బాంబు పేలుటచే, అచ్చట దిగవలసిన విమానములను టెనెరిఫ్‌కు మళ్లించిరి. అవి ప్రక్కదారి నాక్రమించుటచే, కదలవలసిన విమానములు రన్‌వే మీదనే నడువవలసి వచ్చెను. పొగమంచు దట్టముగా క్రమ్మెను. డచ్చివారి జంబో విమానము ఎగురుటకు సిద్ధముగా నిలిచియుండగా, అమెరికావారి జంబో అదే రన్‌వే మీద ఇంకను నడచుచుండెను. ఒకరికొకరు కనబడరు, టవరులోనివారికి ఇరువురును కనబడరు. మిగిలినది మాట యొక్కటే.

ఎగిరిన పిమ్మట పోవలసిన దారిని టవరు తెలిపెను గాని, ఎగురుటకు అనుమతి నీయలేదు. డచ్చివారు ఆ దారిని తిరిగి చెప్పి, 'టేకాఫ్' అను పదముతో ఒక వాక్యము చేర్చిరి. బయలుదేరుచున్నామనియు, బయలుదేరుచోట నున్నామనియు దానికి రెండర్థములు. టవరు 'ఓకే' అని, క్షణమాగి, వేచియుండుమనెను. సరిగా అప్పుడే అమెరికావారు తామింకను రన్‌వే మీద నున్నామనిరి. రెండు మాటలును ఈలలో కలిసి అస్పష్టములైనవి.

అయినను మమ్ము ఎక్కువగా కలచునది దాని తరువాతి ఘట్టము. విమానము పరుగెత్తుచుండగా ఫ్లయిట్ ఇంజనీరుకు అనుమానము కలిగెను. అమెరికా విమానము ఇంకను తొలగలేదా అని యడిగెను. పేరుపొందిన శిక్షకుడైన కెప్టెను, తొలగినదని దృఢముగా ననెను. ఇంజనీరు ఊరకుండెను.

అతని అనుమానము సరియైనదే. చెప్పిన రూపమే బలహీనము. ప్రశ్నగా వేసిన అనుమానము, పెద్దవారు 'కాదు' అనగానే ముగిసిపోవును. 'ముందు విమానమున్నదని నాకు తోచుచున్నది, ఆపుడు' అన్నచో పెద్దవారికి ఆలోచింపక తప్పదు. పెద్దలకు ఎదురుచెప్పరాదని మనము ఇంట నేర్చుకొందుము. ఆ మర్యాదనే కార్ఖానాకు కూడ మోసికొనిపోవుదుము!

ఆ పిమ్మట 'టేకాఫ్' అను పదమును అనుమతి నిచ్చునపుడో, రద్దుచేయునపుడో తప్ప వాడరాదను నియమము వచ్చెను. 1979లో నాసా ఈ విషయమై సదస్సు జరిపెను. 1981 నుండి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థ, కెప్టెనులకు వినుటయు, క్రిందివారికి చెప్పుటయు నేర్పసాగెను.

ఇక మన యూరిలోనికి వత్తము. లైన్‌మన్ స్తంభమెక్కుటకు ముందు సబ్‌స్టేషను ఆపరేటరు వద్ద 'ఎల్‌సీ' తీసికొనును. అనగా లైనులో కరెంటు ఆపినట్లు హామీ. ఇది ఫోనులో జరుగుటయు కలదు.

"అన్నా, మనది ఆపేశావా?"

"ఆఁ, ఆపేశాను."

'మనది' యనగా ఏది? ఒకే స్తంభముల మీద రెండు ఫీడర్లు పోవుచోట్లు లేకపోలేదు. లైన్‌మన్ ఫీడరు పేరు చెప్పవలెను. ఆపరేటరు ఆ పేరును, ఆపిన వేళను తిరిగి పలుకవలెను. అది విని లైన్‌మన్ ఔననవలెను. అటుపిమ్మట కూడ లైనును పరీక్షించి, ఎర్తింగు చేసియే చేయి వేయవలెను. పని ముగిసి ఎల్‌సీ తిరిగి యిచ్చునపుడును ఇంతే. ఒకే ఫీడరు మీద ఇరువురు వేరువేరుగా ఎల్‌సీ తీసికొన్న దినమున, ఒకడు దిగితినని ఫోను చేసినంతనే ఆపరేటరు కరెంటు వదలరాదు. రెండవవాని గొంతు కూడ వినవలెను.