మంచు ముందు మూడు తరాలు

డెక్ మీద శాలువా కప్పుకున్న తాతయ్య, నానమ్మ. రైలింగ్ దగ్గర మనవలు. ఎదురుగా నీలి మంచుగోడ... ఫెళ్లుమని ఓ ముక్క విరిగి నీళ్లలో పడుతుంది!

మే నుంచి సెప్టెంబరు దాకా అలాస్కా ఓడల్లో ఇలాంటి ఉమ్మడి కుటుంబాలు ఎన్నో. రోజూ పెట్టెలు సర్దక్కర్లేదు, నడవలేని పెద్దలకీ ఇబ్బంది లేదు. అసలు రాజధాని జునోకే బయటి నుంచి రోడ్డు లేదు మరి.

గ్లేసియర్ బేలోకి రోజుకు రెండే పెద్ద ఓడల్ని అనుమతిస్తారు. 1794లో వాంకూవర్ బృందం చూసినప్పుడు ఇక్కడ దాదాపు అంతా మంచే. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి 30 మైళ్లకు పైగా వెనక్కి జరిగింది. ఇప్పుడైతే మంచుగోడను చూడాలంటే 65 మైళ్లు లోపలికి వెళ్లాలి.

అంతకుముందు ఇక్కడ ట్లింగిట్ల ఊళ్లుండేవి. ముంచుకొచ్చిన మంచే వాళ్లను తరిమేసింది. 2016లో బార్ట్‌లెట్ కోవ్ ఒడ్డున వాళ్ల నాలుగు వంశాలకూ కలిపి ఓ ఇల్లు లేచింది. పెద్ద ఓడలు మాత్రం అక్కడ ఆగవు.