అండమాన్ తీరంలో గుడారం: ఉష్ణమాపకం చెప్పని ఎండ

రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండను చవిచూసినవారికి అండమాన్ దీవుల 32 డిగ్రీలు ఒక లెక్కలోనివిగా తోచవు. వేసవి సెలవుల్లో అక్కడికి విహారానికి వెళ్ళే దంపతుల్లో, సముద్రతీరాన గుడారం వేసుకుని ఒక పగలు గడపాలని ముచ్చటపడేవారు ఉంటారు. అయితే ఆ 32 డిగ్రీలే మధ్యాహ్నానికి ఆరోగ్యవంతుణ్ణి సైతం సొమ్మసిల్లజేయగలవు. అందుకు కారణం ఎండలో ఎంత ఉన్నదో గాలిలోనూ అంతే ఉన్నది.

చెమట ఆరని చోటు

మానవ శరీరం తన వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం చెమట. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. అది ఆవిరైనప్పుడే వేడిని తనతో తీసుకుపోతుంది. తెలంగాణ, పల్నాడు ప్రాంతాల పొడిగాలిలో చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. నలువైపులా సముద్రం ఆవరించిన దీవుల్లో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చెమట ధారలుగా కారుతుంది కానీ ఆవిరి కాదు. ఒంట్లోని నీరు, లవణాలు పోతాయి. వేడి మాత్రం లోపలే నిలిచిపోతుంది.

అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ ఉపయోగించే ఉష్ణ సూచీ ప్రకారం, 32 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో తేమ 70 శాతం ఉంటే శరీరానికి అది సుమారు 41 డిగ్రీలుగా అనిపిస్తుంది. ఇది నీడలో లెక్క. నేరుగా ఎండలో ఉంటే మరో 8 డిగ్రీల వరకు కలుపుకోవలసి ఉంటుంది.

గడియారం కంటే ముందు నడిచే సూర్యుడు

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి వెళుతుంది. అండమాన్ దీవులు అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, అక్కడి సూర్యుడు గడియారం కంటే సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. హైదరాబాద్‌తో పోలిస్తే ఈ తేడా దాదాపు గంట. ఏప్రిల్‌లో ఉదయం ఐదు దాటగానే తెల్లవారుతుంది. పదకొండుంబావు వేళకే మిట్టమధ్యాహ్నం అవుతుంది. పైగా హేవ్‌లాక్‌గా పేరొంది 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారిన దీవి 12 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున, ఏప్రిల్ నాలుగో వారం మొదట్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు.

అందువల్ల ఇంటి దగ్గరి అలవాటు కొద్దీ, పదకొండు గంటల వరకు ఫరవాలేదనుకుని ఇసుకలో నడవడం పొరపాటు. ఉదయం తొమ్మిదిన్నరకే నీడకు చేరి, మధ్యాహ్నం మూడు వరకు అక్కడే ఉండడం మేలు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలోనే సూర్యాస్తమయం అవుతుంది కనుక గుడారం పనులు ఐదులోగా ముగించుకోవాలి.

గుడారం ఎక్కడ, ఎలా

ముందుగా అనుమతి. అటవీ భూముల్లోనూ తీరాల్లోనూ అధికారులు అనుమతించిన చోటనే విడిది చేయాలి. ఆదిమ తెగల రక్షణకు 1956లో చేసిన నిబంధనల కింద ప్రకటించిన ప్రాంతాల్లోకి పర్యాటకులు అడుగుపెట్టరాదు. ఉప్పునీటి మొసళ్ళు తిరిగే దీవులు కనుక వాగులు సముద్రంలో కలిసే చోట్లకు, మడ అడవుల అంచులకు దూరంగా ఉండాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రపు పోటు మరింత పైకి వస్తుంది. ఇసుకపై నాచు, పుల్లలు వరుసగా పేరుకున్న గీతకు బాగా ఎగువన గుడారం నిలపాలి.

నైలాన్ గుడారం ఎండలో నీడనివ్వదు, వేడిని బంధిస్తుంది. పగటిపూట అది సామాను భద్రపరచుకోవడానికే. చెట్ల నీడలో, గాలి ఆడే చోట, పైన ఒక దుప్పటి కట్టుకుని కూర్చోవడమే క్షేమం. కొబ్బరిచెట్ల కింద మాత్రం తగదు. దాహం వేసేదాకా ఆగక, కొద్దికొద్దిగా నీరు తాగుతుండాలి. చెమట ఎక్కువగా పోయినప్పుడు ఓఆర్‌ఎస్ అవసరం. పొట్లం లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచాలు తలగొట్టి కొలవాలి. మద్యం శరీరంలోని నీటిని మరింత హరిస్తుంది.

ఒకరికి ఒకరు కాపలా

వడదెబ్బలోని అసలు ప్రమాదం వేరే ఉంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు మొదట దెబ్బతినేది మెదడు. అందుచేత రోగికి తన స్థితి తనకు తెలియదు. ‘నాకేమీ కాలేదు, కాస్త పడుకుంటే సర్దుకుంటుంది’ అనే మాట తరచు అప్పుడే వస్తుంది. భోజనానంతరం కునుకుగానో, పడవ ప్రయాణపు బడలికగానో పొరబడే అవకాశం ఎక్కువ. ఇద్దరే ఉన్న చోట రెండవవారే తొలి వైద్యులు.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, విపరీతమైన నీరసం తొలి సంకేతాలు. నీడకు చేర్చి, పడుకోబెట్టి, ఓఆర్‌ఎస్ ఇస్తే చాలావరకు తేరుకుంటారు. మాట తడబడినా, అడుగు తూలినా, ఈ రోజు ఏ వారమో చెప్పలేకపోయినా అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతూనే ఉన్నా సరే, ఆలస్యం చేయరాదు. దుస్తులు వదులు చేసి, ఒళ్ళంతా నీటితో తడుపుతూ ఆగకుండా విసరాలి. విసరడం వల్లనే ఆ తడి ఆవిరవుతుంది. ఇందుకు సముద్రపు నీరైనా పనికివస్తుంది. రోగిని మాత్రం సముద్రంలోకి దింపరాదు. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయరాదు. జ్వరం మాత్రలు వడదెబ్బకు పనిచేయవు.

సహాయానికి 112కు ఫోన్ చేయాలి. స్వరాజ్ ద్వీప్‌లో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. పెద్దాసుపత్రి 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, సముద్రం దాటి ఉంది. వేగనౌకలోనైనా గంటన్నర ప్రయాణం. ఒళ్ళు చల్లబరిచే పని అంతవరకు ఆగదు. అది తీరంలోనే, పక్కనున్న మనిషి చేతులతోనే మొదలు కావాలి.